పైకప్పు మీది దేశం

మా చెల్లెకు ఒక దేశం కావాలి.

లాక్‌డౌన్ పెట్టి, బాపు పనిచేసే సంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా మూతపడి, సూరత్ అమ్రోలిలో ఆ పై అంతస్తు ఇంట్లో మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్న రోజులవి. లోకంలో అందరికీ బియ్యం కావాలి, మందులు కావాలి, ఊరికి పోయే బండి కావాలి. మా మహాతల్లికి మాత్రం రెండు రాజ్యాలు, వాటి మధ్య ఒక కొండల వరుస, చుట్టూ సముద్రం కావాలి. స్కూలు మూసేశాక ఏం తోచక, లేని లోకం మీద, లేని రాజుల మీద కథ రాయడం మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం హిందీ. పటం లేకపోతే కథ ముందుకు నడవదంది. నేను చీరల ప్రింటుకు డిజైన్లు గీసే పనిలో ఉన్నాను కాబట్టి పటం గీయడం నాకు ఎడమచేత్తో చేసే పని అని దాని నమ్మకం. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి దేశం బంగాళాదుంపలా వచ్చింది. రెండోది గుండ్రంగా ఉండకూడదని అంచంతా గండ్లు పెడితే రంపంలా వచ్చింది. మూడోది మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, ఒక్కొక్క అఖాతం చెక్కినట్టు గీశాను. చాలా గర్వంగా ఇచ్చాను. చెల్లె కాసేపు చూసి, కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఎడమ అంచు కుడి అంచుకు ఆనించింది. ఇటు తీరం అటు తీరంతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయింది.

"అక్కా, గిది దేశం కాదు. చీర" అంది.

నాకు ఒళ్ళు మండింది, కానీ నిజమే. మా పనిలో ఏ డిజైనైనా చివర మొదటితో కలవాలి, పైన కిందితో కలవాలి. ఆరు గజాలు అలా అచ్చు మీద అచ్చు పడుతూ పోవాలి. జాయింట్ కనిపించిందంటే ప్రింటింగ్ మాస్టర్ దాన్ని మొహాన కొడతాడు. ఏళ్ళ తరబడి అదే గీసీ గీసీ నా చెయ్యి తనంతట తనే కలిపేస్తోంది. భూమికి జాయింట్ ఉండదు, ఎక్కడిదక్కడే తెగుతుంది. అది నాకు తెలుసు. నా చేతికి తెలియదు.

ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పటాలు గీయడం నేర్పేవాళ్ళు కూడా ఉంటారని అప్పుడే తెలిసింది. నాకర్థమైనంతలో వాళ్ళు చెప్పేది ఇదీ: తీరం ఒక దగ్గర నున్నగా ఉండి, ఇంకో దగ్గర ముక్కలు ముక్కలై ఉండాలి. ద్వీపాలు నేల నుంచి విరిగిపడ్డట్టు దాని పక్కనే ఉండాలి. నదులు ఎత్తులో పుట్టి, ఒకదానిలో ఒకటి కలుస్తూ సముద్రానికి పోవాలి. నది రెండుగా చీలి చెరో సముద్రానికీ పోదు. చుట్టూ తిరిగొచ్చి తనలో తాను కలవదు. ఈ చివరి మాట చెల్లె బాగా పట్టుకుంది. ఆ తర్వాత నేనేం గీసినా నదుల దగ్గర తప్పు పట్టేది.

ఒకరోజు దానితో గొడవపడి లోపలి గదిలోకి పోయి బాపు మంచం మీద వెల్లకిలా పడ్డాను. అప్పుడు పైన చూశాను. మా ఇంటి మీద మిద్దె, ఆ మిద్దె మీద బిల్డింగ్ మొత్తానికీ నీళ్ళ ట్యాంకు. సరిగ్గా మా లోపలి గది నెత్తిన ఉంటుంది. ఎప్పటి నుంచో అది కారి కారి పైకప్పులో ఒక మరక పడింది. రోజూ ఉండేదే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఆరోజు మాత్రం కళ్ళప్పగించి చూశాను. గోధుమరంగు నేల. ఒకవైపు తీరం నున్నగా సాగి, ఇంకోవైపు వేళ్ళు విరిచినట్టు చీలికలు. పక్కన నాలుగైదు ద్వీపాలు. మధ్యలో సున్నం ఉబ్బి కొండల్లా లేచింది. సన్నటి పగుళ్ళు నదుల్లాగే పుట్టి, నదుల్లాగే కలిశాయి. నా చేతికి ఎన్నాళ్ళకీ రానిది అక్కడ పడి ఉంది.

ఫోటో తీసి, లైటు డబ్బా మీద ట్రేసింగ్ ఫిల్మ్ పరిచి, గీతకు గీత దించాను. చెల్లె నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

మా బాపు గురించి ఇక్కడ చెప్పాలి. చిన్నప్పుడు ఊరి నుంచి సూరత్ వచ్చి, ఆ సంచాల రొదలోనే ముసలివాడయ్యాడు. రెండు చెవులూ దాదాపు పోయాయి. కార్ఖానాల్లో చాలామందికి అంతే. ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ మేం ఎదురుగా నిలబడి నోరు పెద్దగా తెరిచి మాట్లాడాలి. మాస్కులొచ్చాక ఆ కాస్త వినికిడీ పోయింది. బయట ఎవరేమన్నా తలూపి వచ్చేసేవాడు. చదువు కూడా లేదు. అక్షరం ముక్క రాదు కానీ గళ్ళ కాగితం మీద డిజైన్ పెడితే పోగు పోగూ చదివేస్తాడు. అందుకే చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో బాపుకు పక్కాగా ఏదైనా చెప్పాలంటే గీసి చూపించేవాళ్ళం. బజారు సామాన్లు కూడా బొమ్మలేసి ఇచ్చేవాళ్ళం. అమ్మ వేసిన వంకాయ చూసి ఒకసారి ఉల్లిగడ్డలు తెచ్చాడు. ఆ మాట ఎత్తితే అమ్మకు ఎప్పుడూ కోపం వచ్చేది.

ఆ ఫిల్మ్‌ను బాపు వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. ఆయన గొంతు ఎప్పుడూ కార్ఖానా గొంతే, వీధి చివరికి వినబడుతుంది. "మంచిగొచ్చింది బిడ్డా. జాయింట్ ఏడుందో దొర్కుతలేదు" అన్నాడు. అంతకన్నా పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు.

అమ్మకు మాత్రం ఇదంతా పిచ్చి చేష్ట. కప్పు కారుతుంటే ఏడవాల్సింది పోయి బొమ్మలు గీసుకుంటారా అని తిట్టింది. అమ్మకు షుగర్. కాళ్ళు తిమ్మిర్లు. తడి నేల మీద నడవడమంటే భయం. ఆ ఇంట్లో వానాకాలం అంతా బట్టలు ఆరవు, గోడలు చెమరుస్తాయి, పప్పు డబ్బాల్లో బూజు. చెల్లె ఆమె చుట్టూ తిరుగుతూ, తిట్టకు, నా దేశంలో నీకు ఇల్లు రాసిస్తాను, ఎక్కడ కావాలో చెప్పు, సముద్రం పక్కనా కొండ మీదా అని ఆశపెట్టింది. అమ్మ పటం వైపు చూడను కూడా చూడలేదు.

"నాకు సముద్రం వద్దు, కొండా వద్దు. జర పొడి జాగ ఇయ్యి, సాలు" అంది.

మేం చాలా నవ్వాం.

బిల్డింగ్ ప్రముఖ్‌కు, అంటే సొసైటీ పెద్దకు, బాపు చెప్పాడు, నేను చెప్పాను, అమ్మ వెళ్ళి పోట్లాడింది కూడా. సగం ఇళ్ళకు తాళాలు, జనం ఊళ్ళకు పోయారు, అందరూ వచ్చాక ట్యాంకు పని చేయిద్దామన్నాడు. ఒకసారి మిద్దె మీద సిమెంటు పూయించాడు. మరక కొన్నాళ్ళు ఆగింది. మళ్ళీ నడిచింది.

నేను దాన్ని దించడం మానలేదు. వానలకు ముందొకటి, వానల్లో ఒకటి, వానలయ్యాక ఒకటి. చెల్లె కథలో రాజ్యాలు పెరుగుతున్నాయి, దానికి కొత్త నేల కావాలి. పైకప్పు ఇస్తూనే ఉంది. ఫిల్మ్ మీద ఫిల్మ్ పేర్చి లైటు మీద పెడితే తీరం చుట్టూ తీరం, దాని చుట్టూ ఇంకో తీరం. మొదట్లో అది నాకు అందంగా కనిపించింది. ద్వీపాలు ఒక్కొక్కటే నేలలో కలిసిపోయాయి. నున్నటి తీరం కిటికీ వైపు జరిగింది. ఒకరోజు ఆ ఫిల్మ్‌లు అన్నీ కలిపి మళ్ళీ చూశాను. ఏ దేశమూ ఇంత వేగంగా పెరగదు కదా అనిపించింది. చెల్లెతో అంటే, మంచిదే కదా అక్కా అంది.

దీపావళి దాటాక బాపు పక్క మీద సున్నం పెచ్చు పడింది. చిన్నదే. బాపు స్టూలెక్కి, కప్పు కింద గోడ నుంచి గోడకు నీలం తాడ్‌పత్రీ పట్టా లాగి కట్టాడు. నీళ్ళు కారినా, సున్నం రాలినా దాని మీదే పడతాయి. ఎక్కడ రాలినా జారి మధ్య పల్లంలోకే వస్తాయి. కట్టే ముందు, ఒక్క నిమిషం బాపూ అని ఆపి, ఆఖరి ఫోటో తీసుకున్నాను. ఆ తర్వాత పైకప్పు మాకు కనబడలేదు. అదే హాయిగా ఉంది కూడా. కనబడనిదాన్ని గురించి ఎంతసేపు భయపడతాం.

ఆఖరి ఫిల్మ్ చూసి చెల్లె ముఖం మాడ్చుకుంది. ఒక నది తప్పంది. కొండల దగ్గర పుట్టి, గుండ్రంగా తిరిగి, కొంచెం ఉంటే తనలోనే కలిసేటట్టుంది. ఇలాంటి నది ఉండదు, సరిచెయ్యమంది. పైన అట్లనే ఉంది, నేనేం చెయ్యాలి, పో అని కసిరాను. అది ఆ నదిని వదిలేసి మిగతా దేశంలో కథ నడుపుకుంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఈసారి సంచాలు ఆగలేదు. జబ్బూ ఆగలేదు, జనం మూతులకు గుడ్డలు కట్టుకుని పనికి పోతున్నారు. హజీరా కంపెనీ బస్సులు మా వీధి చివర సగం ఖాళీగా వచ్చి ఆగేవి. తాపీ నది ఒడ్డున శ్మశానం వైపు నుంచి రాత్రీ పగలూ పొగ. దాని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. అమ్మ కిటికీలు మూసేది, గాలాడక మళ్ళీ తెరిచేది. ఫోను మోగితే ముందు ఎవరెత్తాలని ఒకరినొకరు చూసుకునేవాళ్ళం.

బాపు ఒక మధ్యాహ్నం షిఫ్టు మధ్యలోనే ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, చొక్కా విప్పి, మమ్మల్ని దూరం జరగమని చెయ్యి ఊపాడు. నేరుగా లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. మాకున్నవి రెండే గదులు. బాత్‌రూం లోపలి గదికే ఉంది. మేం ముగ్గురం వరండా చివర ఉన్న పాత బాత్‌రూంతో సర్దుకున్నాం. అన్నం గిన్నె పెట్టడానికి తప్ప తలుపు తెరవొద్దని ఆయన కట్టడి. అమ్మకు షుగర్, ఇది పట్టుకుంటే వదలదు అని కేక పెట్టి చెప్పాడు. వీధిలో అందరికీ తెలిసింది.

హాస్పిటళ్ళలో మంచం లేదు. వేలికి పెట్టే మిషన్ మీద అంకె పడకుండా ఉంటే ఇంట్లోనే ఉంచమన్నాడు డాక్టరు ఫోన్లో. బాపు ఆ అంకెను తలుపు సందులో వేళ్ళతో చూపించేవాడు. అది ఒకటి తగ్గితే అమ్మ ఆరోజు అన్నం ముట్టేది కాదు.

అప్పుడు మొదలయింది చప్పుడు. గదిలోంచి, ఉండి ఉండి, టప్ మని. తాడ్‌పత్రీ మీద ఏదో పడుతున్నది. బాపుకు వినబడదు కదా, హాయిగా పడుకునేవాడు. వినేవాళ్ళం మేం. వంట చేస్తుంటే టప్. ఫోన్ మాట్లాడుతుంటే టప్. మేం ముగ్గురం ఒక్కసారిగా మాట ఆపేసేవాళ్ళం. మళ్ళీ ఏమీ జరగనట్టు మొదలుపెట్టేవాళ్ళం.

చెల్లెకు పాపం భయం వేస్తే పటం ముందేసుకుంటుంది. ఆఖరి ఫిల్మ్ తీసి, ఇప్పటికీ ఈ నది తప్పే అక్కా, నదులు గుండ్రంగా తిరగవు అని సణిగింది. నేను కోపంగా లాక్కున్నాను. చూశాను. నది గుండ్రంగా తిరగదు. నిజమే. గుండ్రంగా తిరిగేది పగులు. ఆ గీత లోపల ఉన్నంత మేరా కప్పు నుంచి విడిపోతున్న పెద్ద పెంకు. మంచమంత ఉంది. ఫోటో తీసిన రోజుకే చుట్టు కలవడానికి కొంచెమే మిగిలింది. తర్వాత ఎన్ని నెలలు నీళ్ళు తాగిందో.

అమ్మకు చూపించాను. ప్రముఖ్‌కు ఫోన్ చేస్తే ఆయనే హాస్పిటల్లో ఉన్నాడు. తెలిసిన మేస్త్రీ కరోనా ఉన్న ఇంట్లో అడుగుపెట్టనన్నాడు, తప్పేముంది. బాపును హాల్లోకి తెద్దామన్నాను. అమ్మ సరేనంది. తలుపు తీసి సైగ చేస్తే బాపు ఒప్పుకోలేదు. పైన ఉన్నది పడొచ్చు పడకపోవచ్చు, నేను బయటికొస్తే మీకు అంటుకోవడం ఖాయం, అంతే ఆయన లెక్క. తలుపు మూయమన్నాడు.

"ఏడ పడ్తదో గీసియ్యి బిడ్డా. మంచం జరుపుకుంట" అని లోపల్నుంచి అరిచాడు.

వేలు పెట్టి చూపించి ఉంటే సరిపోయేది కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ గదిలో పొడిగా మిగిలింది ఒక్క మూలే. అటూ ఇటూ జానెడు తేడా వచ్చినా పెంకు కిందికే పోతుంది. పక్కాగా చెప్పాలంటే మా ఇంట్లో గీసే చెప్తాం. కొత్త ఫిల్మ్ తీసుకున్నాను. కిటికీ ఒక గోడకు మధ్యలో, తలుపు ఎదురు గోడకు మధ్యలో, నడుమ ఫ్యాను. ఆ మూడూ గుర్తులు పెట్టాను. పెంకు గీసి నలుపు నింపాను. పొడి మూలలో మంచం గీశాను. అక్షరాలు ఎలాగూ రాయలేదు, ఆయన చదవడు.

అప్పుడు ఇంకో పని చేశాను. వెల్లకిలా పడుకుని పైకి చూసి తీసిన ఫోటో అది. దాన్నలాగే నేల మీద పరిస్తే కుడి ఎడమా తారుమారవుతాయి. మా పనిలో ఫిల్మ్ ఎప్పుడూ అచ్చు వేసే తెర మీదికి బోర్లా పోతుంది, కాబట్టి తిరగేసి ఆలోచించడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. తిరగేసే గీశాను. గదిలో నిలబడి నేల వైపు చూసేవాడికి సరిగ్గా ఉండేటట్టు. రెండుసార్లు సరిచూసుకుని తలుపు కింద నుంచి తోశాను.

కాసేపటికి మంచం కాళ్ళు గచ్చు మీద కీచుమన్నాయి. మధ్యలో రెండుసార్లు ఆగి, ఆయాసపడి, మళ్ళీ కీచుమన్నాయి. "అయిపోయింది" అని అరిచాడు బాపు. అమ్మ దేవుడి పటానికి దండం పెట్టుకుంది. ఆరోజు మేం ముగ్గురం కొంచెం అన్నం తిన్నాం.

మరునాడు పొద్దున గంజి గిన్నె పెట్టడానికి అమ్మ తలుపు తీసింది. మామూలుగా నేను ఆ దరిదాపుల్లో ఉండను. ఆరోజు నీళ్ళ సీసా అందిద్దామని వెనకే నిలబడ్డాను. తలుపు సందులోంచి మంచం కోడు కనబడింది. ఎడమ వైపు.

పొడి మూల కుడి వైపు.

అమ్మను పక్కకు జరిపి, చెయ్యి తిప్పి, ఇదేంటని సైగ చేశాను. బాపు దిండు పక్క నుంచి ఫిల్మ్ తీసి, నాకు కనబడేలా ఇటు నుంచి అటు తిరగేసి చూపించాడు. ఆ నీరసంలోనూ కళ్ళలో ఒక మెరుపు.

"తిప్పి సూసిన బిడ్డా. నువ్వు కింద పండుకోని గీసినవు గదా. సంచా మీద గూడ బట్ట మొకం కిందికే ఉంటది" అన్నాడు.

నలభై ఏళ్ళు మొహం కిందికి ఉన్న బట్ట నేసినవాడు. వెనక వైపు చూస్తూ ముందు వైపు ఎలా ఉంటుందో చెప్పగలిగినవాడు. నేను తిప్పి ఇచ్చినదాన్ని ఆయన మళ్ళీ తిప్పాడు. ఫిల్మ్ అద్దం లాంటిది, ఏ వైపు నుంచి చూసినా ఒకేలా నిజంలా ఉంటుంది. ఇద్దరం పనితెలిసినవాళ్ళమే. ఇద్దరం కలిసి ఆయన్ను తీసుకెళ్ళి సరిగ్గా ఆ పెంకు కింద పడుకోబెట్టాం.

కుడి వైపు పొమ్మని రెండు చేతులతో చూపించాను. బాపు లేవబోయాడు, మోచేతి దాకా లేచి, మళ్ళీ వెనక్కి వాలిపోయాడు. రాత్రి మంచం లాగడంలోనే ఉన్న సత్తువ అయిపోయింది. వేలి మిషన్ మీద అంకె ఎంతో చూపించలేదు. కాసేపాగి జరుపుతానని చెయ్యి ఊపాడు. అప్పుడే పైన టప్ మని కాదు, చీరినట్టు ఒక పొడుగాటి చప్పుడు. తాడ్‌పత్రీ పొట్ట కదిలింది. ఆయనకది వినబడలేదు. నా వైపే చూస్తున్నాడు.

నేను లోపలికి అడుగు వేశాను. అమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. అంత బలం ఆమెకెక్కడిదో. కొంగు తీసి ముక్కుకూ మూతికీ చుట్టుకుంది.

"నువ్వు బయటుండు. పిల్లకు నువ్వుండాలె" అంది.

అంతే. వాదించడానికి సందు ఇవ్వలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. తిమ్మిరి కాళ్ళతో ఆ తడి గచ్చు మీద నడిచి, మంచం తల వైపు పట్టుకుని, మనిషితో సహా లాగింది. ఒకసారి మోకాళ్ళ మీద పడింది, లేచింది. బాపు వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాడు, వీధంతా వినబడేలా. మంచం కుడి మూలకు చేరాక ఆయన పక్కనే కూలబడి, నా వైపు చూసి, తలుపు వెయ్యమని చెయ్యి ఊపింది. వచ్చెయ్యమ్మా అన్నాను. ఎట్లాగూ లోపలికొచ్చింది, ఇంకా బయటికొచ్చి మాకు అంటించడం ఎందుకు అంది. ఆయనకు ఒకరు ఉండనే ఉండాలంది.

మధ్యాహ్నం కప్పు కూలింది. ముందు తాడ్‌పత్రీ తాడు తెగిన చప్పుడు, తర్వాత ఇల్లంతా ఊగినట్టయింది. తలుపు కింద నుంచి తెల్లటి దుమ్ము మా కాళ్ళ మీదికి వచ్చింది. చెల్లె అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. పొద్దుటి దాకా మంచం ఉన్న చోట సిమెంటు పెళ్ళలు మోకాలెత్తు. పైన తుప్పు పట్టిన చువ్వలు. మూలలో మంచం మీద ఇద్దరూ, పిండిలో దొర్లినట్టు తెల్లగా, దగ్గుతూ, బతికి.

నేను గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. అమ్మ నవ్వింది. నిజంగా నవ్వింది. మీ దేశం మునిగిపోయింది చూసుకోండి అంది.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు మాటలు ఎక్కువ లేవు. బాపు అంకె మెల్లగా పైకి ఎక్కింది. అమ్మకు జ్వరం వచ్చింది. మొదట దుమ్ము వల్ల అనుకున్నాం, అలా అనుకోవాలనుకున్నాం. ఆమె అంకె దిగడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ఎవరెవరి కాళ్ళో పట్టుకుని హాస్పిటల్లో ఒక మంచం సంపాదించాం. అంబులెన్స్ ఎక్కేటప్పుడు అమ్మ చెల్లెను చూడలేదు, చూస్తే ఎక్కలేనని కాబోలు. అక్కడి నుంచి ఒక్కసారే ఫోను కలిసింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య మాట్లాడింది.

"బాపు మంచం ఆ మూలకే ఉండనియ్యుర్రి. జరుపకుర్రి" అంది.

జరపంలే అమ్మా అన్నాను. ఆ మర్నాడు హాస్పిటల్ వాళ్ళే ఫోన్ చేశారు. ఈసారి నేనే ఎత్తాను.

కొత్త కప్పు వేసి ఏళ్ళయింది. ట్యాంకు కూడా అక్కడ నుంచి తీసేశారు. గదిలో ఎక్కడ పడుకున్నా ఇప్పుడు ఒకటే, కానీ బాపు మంచం ఆ మూల వదల్లేదు. ఫిల్మ్ ఆయన దిండు కిందే ఉంది. అప్పుడప్పుడూ తీసి, ఇటు చూస్తాడు, తిప్పి అటు చూస్తాడు. ఒకరోజు నాకు చూపించి, నేను తిప్పకపోతే అమ్మ ఉండేది కదా అన్నాడు. నేను ఎదురుగా నిలబడి నోరు పెద్దగా తెరిచి, నేను తిప్పకపోయినా ఉండేది బాపూ అన్నాను. ఆయన నా పెదవులు చూశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చెల్లె కథ ఆగిపోయిందనే అనుకున్నాను. పోయిన ఏడాది అడిగింది, కథ పూర్తి చేస్తాను, పటం మంచి కాగితం మీద దించిపెట్టు అని. ఫిల్మ్‌లన్నీ తీశాను. దేశమంతా మరక చూపించినట్టే దించాను. గుండ్రంగా తిరిగే ఆ నదిని కూడా. ఈసారి చెల్లె వద్దనలేదు. అంతా అయ్యాక కింద కుడి మూలకు వచ్చాను. అక్కడ అన్ని ఫిల్మ్‌లలోనూ ఖాళీయే, మరక అక్కడికి ఎప్పుడూ రాలేదు. సముద్రం. ఆ సముద్రంలో నా చేత్తో నేనే ఒక ద్వీపం గీశాను. దేన్నీ చూసి దించలేదు. ఎన్నేళ్ళు నేర్చుకున్నా నా చెయ్యి నా చెయ్యే, అది బంగాళాదుంపలాగే వచ్చింది. లోపల చిన్న ఇల్లు పెట్టాను.

చెల్లె దాన్ని చాలాసేపు చూసింది. ఇది అసలు దీవిలా లేదని అంటుందని ఎదురుచూశాను. అది పెన్ను తీసుకుని, ఇంటి పక్కన చిన్న అక్షరాలతో, ఇక్కడ తడి ఉండదు అని రాసింది.